వేడికి నిలిచే పూత

ఇంటి నుంచి,
ఎండలు ముదిరిన రోజులు

మామయ్యగారికి నమస్కారాలు.

గుండె ఆపరేషను తర్వాత మీరు మెట్లు దిగి వీధి చివరి దాకా నడిచి వస్తున్నారని కింద వాటా పంతులమ్మగారు ఫోనులో చెప్పారు. సంతోషం. ప్రయాణాలు మాత్రం వద్దని డాక్టరు గట్టిగా చెప్పారట. ఆ ఒక్క మాట వినండి.

ఎప్పుడూ మీ అమ్మాయే కదా రాసేది, ఈసారి అల్లుడు రాస్తున్నాడేమిటని అనుకుంటారేమో. తన కుడి మణికట్టు కాస్త బెణికింది. కంగారు పడాల్సిందేమీ లేదు. పెన్ను పట్టుకోవద్దన్నారు కాబట్టి నన్ను రాయమంది.

తన మెకానిక్ షెడ్డులో ఇప్పుడొక పాతకాలం కారు ఉంది. రిటైరైన పశువుల డాక్టరుగారిది. ఆయన తండ్రి కొన్న బండి, వయసులో నాకంటే పెద్దది. ఇంజను మొత్తం విప్పి, తుప్పు గీకి, కొత్తదానిలా చేసి ఇవ్వాలి. చాలావరకు అయింది గానీ పూతల దగ్గర ఆగింది. ఇంజను బ్లాకుకి ఏ రంగు వెయ్యాలి, వేడి పొగని బయటికి పంపే ఆ ఇనప గొట్టాల ముక్క ఉంది చూడండి, మానిఫోల్డు, దానికి ఏ పూత వేస్తే మాడిపోకుండా, పెచ్చులూడకుండా నిలుస్తుంది అని మిమ్మల్ని అడగమంది. సూదీ దారం తప్ప నాకింకేమీ తెలియదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు వివరంగా రాయండి.

మీ అల్లుడు


మేడ మీది గది నుంచి

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. దర్జీ రాత కూడా కుట్టులాగే ఉంది, ఎక్కడా వదులు లేదు.

అయితే మణికట్టు బెణికితే నోరు బెణకదు కదా. మీరు అడిగినవన్నీ దానికి తెలిసిన సంగతులే. గౌను వేసుకునే వయసు నుంచి మా ఎనామెల్ ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడి, ఏ పూత ఎందుకు పగులుతుందో చూస్తూ పెరిగిన పిల్ల. ఉడత అని ఊరికే పిలవలేదు. ఇంట్లో ఒక్క చోట కుదురుగా ఉండేది కాదు, కొలిమి ముందు మాత్రం కదిలేది కాదు. ఇప్పుడు నన్ను పరీక్ష పెడుతోందా, ముసలాడికి పొద్దుపోవాలని పని కల్పిస్తోందా? ఏదైనా నాకు సమ్మతమే. రాస్తాను.

బ్లాకు గురించి బెంగ అక్కర్లేదు. దాని లోపల నీళ్లు తిరుగుతుంటాయి. మరిగే నీళ్ల గిన్నె కంటే పెద్దగా వేడెక్కదు. మామూలు ఇంజను పెయింటు చాలు, కింద జిడ్డు మిగలకుండా చూసుకోవాలి.

మానిఫోల్డు సంగతి వేరు. అది కొలిమికి తోబుట్టువు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఎర్రబడినా ఆశ్చర్యం లేదు. అందరూ వేసేది వెండిరంగు వేడి పెయింటు. పల్చగా కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాత మెల్లగా కాల్చి గట్టిపరచాలి. సిరామిక్ పూత అంతకంటే బాగా నిలుస్తుంది, కానీ బయట వర్క్‌షాపుకి పంపాలి, మీ ఆవిడ తన పని ఇంకొకరి చేతిలో పెట్టే రకం కాదు. మా ఎనామెల్ ఉంది, గాజు పూత. చూపుకి దాన్ని మించింది లేదు. కాకపోతే వేడి మీద ఉండగా వాన నీళ్లు పడ్డాయంటే చిట్లుతుంది. పాతకాలంలో కొందరు ఇవేవీ లేకుండా ఇనప పొయ్యిలకి రుద్దే నల్ల గ్రాఫైట్ పాలిష్ పట్టించి ఊరుకునేవారు. బండి రోజూ తిరుగుతుందా, కప్పేసి ఉంచుతారా? అది తెలిస్తే ఏది మేలో చెబుతాను.

ఉడతని ఎడమచేత్తో ఒక సంతకం గీకమనండి.

మామయ్య


ఇంటి నుంచి,
తొలి వానలు

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. దర్జీ రాత గురించి మీరన్న మాటకి నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. ఎడమచేతికి కూడా కొంచెం నొప్పిగా ఉంది, సంతకం ఇంకోసారి పెడుతుంది.

బండి రోజూ తిరగదు. పశువుల డాక్టరుగారు ఆదివారాలు అలా ఊరి బయటి దాకా వెళ్లి వస్తారట.

మీరు ఇంకా పొడవుగా రాయాలి మామయ్యగారూ. ఎంత రాసినా ఎక్కువ కాదు. పూతల గురించి, ఫ్యాక్టరీ గురించి, అక్కడ మీరు చేసిన పని గురించి, ఏదైనా సరే. చదవడం అయిపోతే మళ్లీ మొదటినుంచి చదవమంటోంది. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని వింటుంది.

నాదొక సందేహం. తనకి సంబంధం లేదు, ఊరికే తెలుసుకుందామని. పెయింటు వేసిన ముక్కని ఓవెన్‌లో పెట్టి కాలుస్తారు కదా, ఒక్కోసారి మంట లేస్తుందట. ఎందుకలా జరుగుతుంది? తలుపు తీసేదాకా బయటికి తెలియదా?

మీ మందులు వేళకి వేసుకోండి.

మీ అల్లుడు


మేడ మీది గది నుంచి

నాయనా,

ఇక మీరూ గారూ పక్కన పెడతాను. నీకంటే నేను చాలా పెద్దవాణ్ణి.

ఇంటి నుంచి అని రాశావు. కవరు మీద ముద్ర పెద్దాసుపత్రి పోస్టాఫీసుది. చెవులు పోయాయి గానీ కళ్లు ఉన్నాయి నాకు. కుడిచెయ్యి బెణికింది, ఎడమచెయ్యి నొప్పి, కళ్లు మూసుకుని వింటుంది, చాలా రోజులకి నవ్వింది. ఆ తర్వాత ఓవెన్ మంట గురించి సందేహం. కుట్టు ఎంత దగ్గరగా వేసినా గుడ్డ లోపల ఏదో ఉందని ఉబ్బు చెబుతుంది.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. తడి పెయింటులోంచి, పల్చబరచడానికి కలిపిన థిన్నర్ ఆవిరై ఓవెన్ పెట్టె నిండా చేరుతుంది. అది కంటికి కనపడదు. లోపలి వేడి కాయిల్ ఎర్రబడగానే అంటుకుంటుంది. తలుపు తీసినవాళ్ల మీదికి ఎగదన్నుతుంది. బయటికి ఏమీ తెలియదు. మా ఫ్యాక్టరీలో ఒకతనికి అలా అయింది. అతని పేరు నేను ఈనాటికీ ఎత్తను.

ఉడతకి ఏమైంది? వంకర టింకర మాటలు వద్దు. ఉన్నది ఉన్నట్టు రాయి. నా గుండె సంగతి నేను చూసుకుంటాను.

మామయ్య


ఆసుపత్రి వరండా నుంచి

మామయ్యగారికి,

క్షమించమని అడగను. తను నా దగ్గర మాట తీసుకుంది. "నాన్నకి తెలిస్తే రైలెక్కేస్తాడు, దారిలోనే పోతాడు. చెప్పావంటే నీతో మాట్లాడను" అంది. మాట్లాడటమే కష్టంగా ఉన్న మనిషి ఆ మాట అంటే నేనేం చెయ్యగలను?

బేకరీ వాళ్లు తీసేసిన పాత ఓవెన్ ఒకటి కొని షెడ్డులో పెట్టుకుందని మీకు తెలుసు. ఆ రోజు ఉక్కగా ఉంది, పెయింటు ఆరడం లేదు. పశువుల డాక్టరుగారు సాయంత్రం చూడటానికి వస్తానని కబురు చేశారు. మానిఫోల్డుకి వెండి పెయింటు కొట్టి, ఆరీ ఆరకుండానే పెట్టెలో పెట్టింది. నేను ముందు గదిలోని నా కుట్టు షాపులో ఉన్ని కోటుకి చేతులు అతుకుతున్నాను. ధబ్బుమని వినిపిస్తే టైరేదో పేలిందనుకున్నాను. ఆ తర్వాత తన గొంతు వినపడింది. చేతిలో ఉన్న కోటుతోనే పరుగెత్తి, అది కప్పి నేల మీద దొర్లించాను.

చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అందుకే కళ్లు మిగిలాయి. మెడ, గడ్డం, కుడి చెంప కాలాయి. చేతుల గురించి డాక్టర్లు ఇంకా ఏమీ తేల్చడం లేదు.

రోజు మార్చి రోజు కట్లు విప్పి కడుగుతారు. ఎంత మందు ఇచ్చినా ఆ నొప్పికి చాలదట. మొదటిసారి అరిచిన అరుపుకి పక్క మంచాల వాళ్లు చెవులు మూసుకున్నారు. నర్సు నాతో, "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, ధ్యాస మళ్లాలి" అంది. కోటు కొలతలు చెప్పడం మొదలుపెట్టాను. తనే పళ్ల బిగువున, "మానిఫోల్డుకి ఏం వేస్తారో చెప్పు" అంది. నాకేం తెలుసు మామయ్యగారూ? ఏవేవో రంగుల పేర్లు చెప్పాను. తప్పు తప్పు అని సరిచేస్తూ ఆ గండం దాటింది. అందుకని మీకు రాశాను. కట్లు కట్టే గదిలో మీ ఉత్తరం చదువుతాను. బ్లాకు దగ్గర మొదలుపెడితే గ్రాఫైట్ దగ్గరికి వచ్చేసరికి ఒక చెయ్యి అయిపోతుంది. రెండో చేతికి ఉత్తరం చాలడం లేదు. పొడవుగా రాయమన్నది అందుకే.

దయచేసి రాకండి. రాయండి.

మీ అల్లుడు


మేడ మీది గది నుంచి

నాయనా,

ఈ చిన్న కాగితం నీకు. చదివి జేబులో పెట్టుకో. పెద్ద కాగితం దానికి.

నీ ఉత్తరం చదివాక ఎంతసేపు అలా కూచున్నానో తెలియదు. పంతులమ్మ తలుపు బాదీ బాదీ చివరికి తోసుకుని వచ్చింది. నా ముఖం చూసి మందు సీసా వెతకబోయింది. వద్దన్నాను. నీ మీద కోపం రాలేదని చెప్పను, వచ్చింది. నీ చోట నేనున్నా దానికిచ్చిన మాట జవదాటేవాణ్ణి కాదేమో. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక నీ మీద పెట్టుకున్నాను.

నాకు తెలిసిన సంగతి దానికి చెప్పకు. నాన్నకి తెలియదనుకుంటే దాని నెత్తిన ఒక బరువు తగ్గుతుంది. పెద్ద కాగితం మెల్లగా చదువు. నేను మెల్లగానే రాశాను.

*

ఉడతకి,

మణికట్టు నయమవుతోందని మీ ఆయన రాశాడు. తొందరేం లేదు. ఈసారి చల్లార్చడం గురించి రాస్తాను, ఎవరూ దాన్ని పట్టించుకోరు.

మన ఫ్యాక్టరీలో బయటికి తీయగానే ప్రతి ఎనామెల్ బేసినూ ఒక్కలాగే ఎర్రగా ఉంటుంది. నీలమా, తెలుపా, ఆకుపచ్చా, చెప్పలేవు. తీసుకెళ్లి గాలి తగలని గదిలో బల్ల మీద పెడతాం. నీకా గది గుర్తుండాలి, సిమెంటు గచ్చు, ఎత్తైన కిటికీ, నువ్వు కూచునే చెక్కపెట్టె. కాసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత అంచు దగ్గర సన్నగా, దారప్పోగంత, అసలు రంగు కనిపిస్తుంది. అక్కడి నుంచి లోపలికి నడుచుకుంటూ వస్తుంది. నీలం బేసిను ముందు నల్లగా తేలి, ఆపైన ముదురు నీలమై, తడి ఆరినట్టు తేటపడుతుంది. తెలుపు మొదట్లో పసుపులా ఉండి మోసం చేస్తుంది. ఆ సమయంలో తలుపు తెరిచి ఎవరైనా లోపలికి వస్తే నేను నోటి మీద వేలు వేసుకునేవాణ్ణి, గాలికి కాదు మాటకి పగులుతుందేమో అన్నట్టు. సద్దు చెయ్యకుండా చూసేదానివి. పై పూత, కింది ఇనుము ఒకే తీరున కుదించుకోవాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే వెంట్రుకవాసి పగులు పడుతుంది, వారం తర్వాత గానీ బయటపడదు. అందుకే ఆగడం. మిగతా పనంతా మనం చేస్తాం గానీ ఇది మాత్రం దానంతటది కావాలి.

మానిఫోల్డుకి ఏం వేస్తావో నీ ఇష్టం. ఆలోచించుకుని చెప్పు.

నాన్న


ఆసుపత్రి వరండా నుంచి,
వానలు పడుతూనే ఉన్నాయి

మామయ్యగారికి,

తనకి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. పెద్ద కాగితం చదవడం పూర్తి చేశాక కళ్లు తెరిచి, "నాన్నకి చెప్పేశావు కదా" అంది. లేదన్నాను. "కొలిమి ఊసే లేకుండా చల్లార్చడం రాశాడు. ఒక్క తిట్టు లేదు. మా నాన్న నన్ను తిట్టకుండా కాగితం నింపడం ఎప్పుడైనా చూశావా?" అంది. ఇక నేను అబద్ధం ఆడలేకపోయాను.

చెడ్డ కబురు కూడా రాయాలి. కుడిచేతికి చీము పట్టింది. జ్వరంలో మనుషుల్ని గుర్తుపట్టలేదు. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు తీసేశారు. స్పృహ వచ్చాక కట్టు వైపు చూసింది. మర్నాడు నర్సుతో, "స్పానర్ పట్టడానికి బొటనవేలు, చూపుడువేలు చాలవు" అంది, ఏదో ధర చెప్పినట్టు. ఆ తర్వాత చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది.

పశువుల డాక్టరుగారు వచ్చారు. బండి ఇంకెవరికైనా ఇచ్చేయండని నేనంటే, "ఆమె వద్దంటే తీసుకెళ్తాను. మీరు చెబితే కాదు" అన్నారు. తను వద్దనలేదు. పెయింటు, సిరామిక్, ఎనామెల్, కాల్చే పూత ఏదీ తన గుమ్మంలోకి రాకూడదంది. రుద్దే పాలిష్ చాలంది. రుద్దేది నేనేనట.

మీకొక మాట చెప్పమంది, అన్నది అన్నట్టే రాస్తున్నాను. "నాన్నని తిట్టమను. నాన్న తిట్టకపోతే నేను చచ్చిపోతున్నానేమో అనిపిస్తోంది."

మీ అల్లుడు


మేడ మీది గది నుంచి

ఉడతా, మొద్దుముఖమా,

తడి పెయింటు పెట్టెలో పెట్టకూడదని నీకెవరూ చెప్పలేదా? నేను చెప్పాను. చెవి మెలేసి మరీ చెప్పాను. ఉక్కగా ఉంటే ఆరదు, ఆరకపోతే ఆగాలి, ఆ మాత్రం తెలియని ఆడదానివి షెడ్డు ఎందుకు పెట్టావు? కారు ముసలిది, దాని యజమాని ముసలివాడు, వాళ్లెవరికీ లేని తొందర నీకెందుకు? పుట్టేటప్పుడే తొందర. మంత్రసాని చెప్పులు విప్పేలోపల పుట్టావు. నడక రాకముందే పరుగు. ఆ పెట్టె కొన్నానని రాసినప్పుడు దానికి పొగ గొట్టం ఉందా అని నేనడిగాను, నువ్వు జవాబు రాయలేదు, వాతావరణం గురించి రాశావు. గాడిదా. నీ తల మీద జుట్టు ఉందో లేదో నాకు తెలియదు గానీ ఉంటే పట్టుకుని ఊపేసేవాణ్ణి.

ఇంకా చాలా ఉంది. ఈ కాగితం మీద ఇంక సిరా పట్టడం లేదు.

నాయనా, ఇది నీకు. మానిఫోల్డుని తీగ బ్రష్షుతో గీకు, సబ్బు నీళ్లతో కడుగు, థిన్నర్ జోలికి పోకు. ఎండలో పెట్టి గోరువెచ్చగా అయ్యాక పాలిష్ గుడ్డతో పల్చగా పట్టించు. బూట్ల బ్రష్షుతో రుద్దు, పెన్సిలు ముక్కులా మెరిసేదాకా. ఇంజను మొదటిసారి వేడెక్కినప్పుడు కొంచెం పొగ వస్తుంది, పాలిష్‌లోని నూనె కాలిపోతుంది అంతే. తర్వాత రాదు.

మామయ్య


ఇంటి నుంచి,
చలి మొదలైంది

మామయ్యగారికి నమస్కారాలు.

ఈసారి నిజంగా ఇంటి నుంచే రాస్తున్నాను. తనని తీసుకొచ్చి చాలా రోజులైంది. మీ తిట్లు ఆసుపత్రిలో మళ్లీ మళ్లీ చదివించుకుంది. మంత్రసాని చెప్పుల దగ్గర ప్రతిసారీ కళ్లు తుడవమనేది.

మానిఫోల్డు పని అయింది. తను షెడ్డు బయట కుర్చీలో కూచుని చెబితే నేను లోపల చేశాను. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "గుడ్డ నేత చూసి ఇస్త్రీ చేస్తావు కదా, అలాగే ఇనుముకీ ఒక పోగు ఉంటుంది, దాని వెంట రుద్దు" అంది. నా గోళ్ల నలుపు ఇంకా వదల్లేదు, తెల్లబట్ట ముట్టుకోలేకపోతున్నాను. పూత బాగా వచ్చింది. పశువుల డాక్టరుగారి మెకానిక్కు వచ్చి అన్నీ బిగించాడు.

ఇంజను స్టార్టు చేసే ముందు తనే అందరికీ చెప్పింది, మొదట కాస్త పొగ వస్తుంది, భయపడకండి అని. స్టార్టు చేశారు. మోత బాగుంది. డాక్టరుగారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. కాసేపటికి మానిఫోల్డు మీద సన్నటి పొగ లేచింది, టీ కప్పు మీద లేచేంత. కుర్చీ పడిపోయిన చప్పుడైంది. తిరిగి చూస్తే తను లేదు. ఇల్లంతా వెతికాను. షాపులో గుడ్డ తానుల వెనక, గోడకి ముఖం ఆనించి, చేతులు చంకల్లో దాచుకుని కూచుంది. "ఎవరో నా చెయ్యి పెట్టెలో పెడుతున్నట్టుంది" అంది. బయట ఇంజను తిరుగుతూనే ఉంది. నేను వెళ్లి ఆపమని చెప్పాల్సి వచ్చింది.

బండి వెళ్లిపోయింది. పూత చెక్కు చెదరలేదని డాక్టరుగారు తర్వాత కబురు పంపారు. "నాన్నకి రాయి, పూత నిలిచిందని" అంది. ఇక ఇంజన్లు ముట్టనంది. షెడ్డుకి తాళం వేయించింది.

అది సరే, పని మానుకుంటే మానుకుంది. నా భయం వేరే. ఆసుపత్రి నుంచి వచ్చాక గుమ్మం దిగలేదు. కొలతలకి వచ్చినవాళ్లు చూసుకునే నిలువుటద్దాన్ని గోడ వైపు తిప్పేసింది. వీధి వైపు కిటికీ తీయనివ్వదు. వేళ్లకి వ్యాయామం చేయించాలి, లేకపోతే ఎడమచెయ్యి కూడా బిగుసుకుపోతుందని ఆసుపత్రి వాళ్లు మరీ మరీ చెప్పారు. రానంటోంది. బతిమాలాను, కసిరాను, ఒకరోజు చెయ్యి పట్టి లాగాను కూడా. నా వైపు చూసిన చూపుకి వదిలేశాను. ఇప్పటికే పళ్లెం ఎత్తలేకపోతోంది. ఏం చెయ్యమంటారు?

మీ అల్లుడు


మేడ మీది గది నుంచి

నాయనా,

ఏం చెయ్యాలో నాకూ తెలియదు. అక్కడికొచ్చి కూచుని ఆలోచిస్తాను.

ప్రయాణం గురించి నా గుండె డాక్టర్ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపుతూ చాలాసేపు పెదవులు కదిపాడు, నేను చివరిదాకా మర్యాదగా చూసి లేచి వచ్చాను. పంతులమ్మ టిక్కెట్టు తెచ్చింది. మందులు వేళవారీగా సంచిలో సర్దింది. బుధవారం మధ్యాహ్నం బండికి దిగుతాను.

నేను దాన్ని ఓదార్చడానికి రావడం లేదు. ఓదార్చడం నా చేత కాదు. ఆసుపత్రికి దాన్ని రోజూ నేను తీసుకెళ్తాను. అంత దూరం నేను ఒక్కణ్ణే నడవలేను కాబట్టి అది నన్ను పట్టుకోవాలి, దానికి జనం చూపు పడదు కాబట్టి నేను పక్కన ఉండాలి. అక్కడ ఇద్దరం చెరో బల్ల మీద కూచుంటాం. ఎంతమంది చూస్తారో చూడనీ. చెంప మీద మచ్చ పోదు, పోయిన వేళ్లు రావు, అది మళ్లీ స్పానర్ పడుతుందని నేను అనుకోవడం లేదు. ఆ సంగతులు దానితో నేను మాట్లాడతాను. అవన్నీ నువ్వొక్కడివే మొయ్యక్కర్లేదు.

స్టేషన్‌కి దాన్ని తీసుకురా. ముసుగు కప్పుకుంటానంటే కప్పుకోనీ. ఏడిస్తే ఏడవనీ. నాన్న వస్తున్నాడు, రైలు మెట్లు ఒక్కడే దిగలేడు, పట్టుకోవాలి అని చెప్పు, అది నిజమే. నాకు పిలిస్తే వినపడదు, నేను కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తూ ఉంటాను.

నువ్వొక్కడివే కనిపిస్తే నేను రైలు దిగను.

మామయ్య